భాగం – 7: నీటి ఎద్దడి ప్రాంతంలో మరుగుదొడ్డి నిర్వహణ – రెండు గుంతల పద్ధతి

విషయ క్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 మురుగు కాలువ లేని మూడు చోట్లు
7.3 రెండు గుంతల మరుగుదొడ్డి: భాగాలు, పనితీరు
7.4 నీటి లెక్క, గుంత లెక్క
7.5 రోజువారీ నిర్వహణ
7.6 చిక్కు ఎక్కడుందో గుర్తించడం
7.7 ఒక ఇంటి అనుభవం
7.8 గుంత మార్చడం, ఎరువు తీయడం
7.9 రాతి నేల, తాగునీటి బావి
7.10 చట్టం, ఇంటివారి బాధ్యత
7.11 సారాంశం
7.12 ముఖ్య పదాలు
7.13 నమూనా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మురుగు కాలువ లేని చోట మరుగుదొడ్డి ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు;
• మీ ఇంటి గుంత ఎన్నేళ్లకు నిండుతుందో లెక్క కట్టగలుగుతారు;
• నీరు దిగకపోవడం, వాసన, తెల్లటి పొర వంటి చిక్కులకు కారణం కనుక్కోగలుగుతారు;
• గుంతను ఎప్పుడు, ఎలా మార్చాలో, ఎరువును ఎప్పుడు తీయాలో చెప్పగలుగుతారు;
• గుంతలోకి మనిషిని దించడం ఎందుకు ప్రాణాపాయమో, ఎందుకు చట్టవిరుద్ధమో తెలుసుకుంటారు.

7.1 పరిచయం

గత భాగంలో తాగునీటి గురించి చదివారు. వాడిన నీరు, దానితో పాటు పోయే మలం ఎక్కడికి చేరుతాయన్నది ఈ భాగంలోని విషయం. మరుగుదొడ్డి నిర్వహణ అనగానే చాలామందికి బ్రష్షు, ఫినాయిలు, తెల్లగా మెరిసే బేసిన్ గుర్తుకు వస్తాయి. పట్నంలో అంతటితో సరిపోవచ్చు. అక్కడ నేల కింద మురుగు కాలువ ఉంటుంది, మిగతా పని పురపాలక సంఘం చూసుకుంటుంది. పల్లెలో ఆ కాలువ లేదు. చెంబెడు నీళ్లు పోసిన తరువాత కంటికి కనబడకుండా పోయినదంతా మన పెరట్లోనే, ఏడెనిమిది అడుగుల దూరంలోనే ఉంటుంది.

ఉదాహరణకు అనంతపురం జిల్లాలోని శింగనమల ప్రాంతాన్ని తీసుకుందాం. ఈ జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే వాన పడుతుంది. ఎర్ర నేల పలుచగా ఉంటుంది, దాని కింద రాయి తగులుతుంది. చాలా ఊళ్లలో బోరు నీళ్లు గట్టి నీళ్లు, అంటే సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్నవి. పంట పోయిన ఏడాది కుటుంబాలు ఇంటికి తాళం వేసి బెంగళూరు వైపు పనికి వెళ్తాయి. వాన, నేల, నీళ్లు, వలస అనే ఈ నాలుగూ మరుగుదొడ్డి పనితీరు మీద ప్రభావం చూపుతాయి. ఎలాగో ముందుముందు చూస్తారు.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మిషన్ మొదలైన తరువాత మన ఊళ్లలో మరుగుదొడ్లు పెద్ద సంఖ్యలో కట్టారు. కట్టినప్పుడు నేర్పవలసిన ఒక చిన్న పని మాత్రం చాలా ఇళ్లకు అందలేదు. ఆ పనేమిటో ఈ భాగం చెబుతుంది.

7.2 మురుగు కాలువ లేని మూడు చోట్లు

మన ఇంటి సంగతికి ముందు, మురుగు కాలువతో సంబంధం లేని మరో రెండు చోట్లను గమనిద్దాం.

మొదటిది సముద్రంలో తిరిగే చిన్న తెరచాప నౌక. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే నౌకలో బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి, 2018 మే నెలలో తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువారే. 17 మీటర్ల పొడవున్న నౌక, ఆరుగురు మనుషులు, మొత్తం 254 రోజులు. అలాంటి ప్రయాణంలో ఏది పాడైనా బాగుచేయడానికి బయటినుంచి ఎవరూ రారు.

ఈ రకం నౌకల్లో మరుగుదొడ్డికి సాధారణంగా చేతిపంపు ఒకటి ఉంటుంది. అది సముద్రపు నీటిని లోపలికి లాగి, వాడిన నీటిని బయటికి తోస్తుంది. బయటికి పోయే గొట్టం మీద ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఒక మళ్లింపు కవాటం ఉంటుంది. ఒక వైపు తిప్పితే మలం సముద్రంలోకి పోతుంది, రెండో వైపు తిప్పితే నౌకలోని నిల్వ ట్యాంకులోకి చేరుతుంది. తీరానికి దగ్గరలో, రేవులో ఉన్నప్పుడు ట్యాంకు వైపే ఉంచాలని అనేక దేశాల నియమం. పెద్ద ఓడలకు అంతర్జాతీయ ఒప్పందమే ఉంది: శుద్ధి చేయని మలజలాన్ని తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల వదలకూడదు. కవాటం ఎటు తిరిగి ఉందో నౌకలోని వారికి ఎప్పుడూ తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ మలం ఇతరులు ఈదే నీటిలో, చేపలు పట్టే నీటిలో కలుస్తుంది.

రెండోది రైలు పెట్టె. ఒకప్పుడు రైలు మరుగుదొడ్డి నేరుగా పట్టాల మీదికి తెరుచుకునేది. గుంతకల్లు, అనంతపురం స్టేషన్లలో రైలు ఆగి ఉన్నప్పుడు దానిని వాడవద్దన్న హెచ్చరిక మీలో చాలామంది చదివే ఉంటారు. పట్టాల మీద పడినదాన్ని ఎత్తినవారు మనుషులే. ఇప్పుడు పెట్టెల కింద జీవ మరుగుదొడ్డి ట్యాంకులు అమర్చారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, రైల్వేలు కలిసి రూపొందించిన ఈ ట్యాంకులో గాలి అవసరం లేని సూక్ష్మజీవులు మలాన్ని కుళ్లబెట్టి నీరుగా, వాయువుగా మారుస్తాయి. సీసాలు, గుడ్డలు, పాన్ మసాలా పొట్లాలు వేస్తే ట్యాంకు మూసుకుపోతుంది.

మూడోది మన ఇల్లు. పై రెండింటి నుంచి మన ఇంటికి పనికివచ్చే సూత్రాలు మూడు:
1. నీరు కొద్దిగానే ఉంటుంది, దానితోనే పని జరగాలి.
2. లోపలికి ఏది పోవచ్చు, ఏది పోకూడదన్నది ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.
3. మళ్లింపు ఎటు ఉంది, ఎప్పటినుంచి అటు ఉంది అన్నది ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

7.3 రెండు గుంతల మరుగుదొడ్డి: భాగాలు, పనితీరు

మన దేశంలో ఈ పద్ధతిని విస్తృతంగా ప్రచారం చేసినవారు బిందేశ్వర్ పాఠక్. ఆయన 1970లో బీహార్‌లో సులభ్ సంస్థను స్థాపించారు. ఈ మరుగుదొడ్డిలో ఐదు భాగాలుంటాయి.

(అ) బేసిన్: పల్లె అవసరానికి తయారైన బేసిన్ వాలు ఎక్కువగా ఉంటుంది. అందువల్ల కొద్ది నీటికే మలం జారిపోతుంది.

(ఆ) ట్రాప్: బేసిన్ కింద ఉండే వంపు గొట్టం. దీనిలో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. దీనినే నీటి మూత అంటారు. ఈ పద్ధతిలో దాని లోతు 20 మిల్లీమీటర్లు మాత్రమే. గుంతలోని వాసనను, ఈగలను, బొద్దింకలను లోపలికి రాకుండా ఆపేది ఇదే.

(ఇ) గొట్టం: ప్రతి 15 అడుగులకు కనీసం ఒక అడుగు వాలు ఉండాలి. వాలు తగ్గితే నీరు ముందుగా పోయి మలం వెనుక నిలిచిపోతుంది.

(ఈ) చాంబరు: ఒక గొట్టం రెండుగా చీలే చిన్న పెట్టె. దీనికి తీసి పెట్టగల మూత ఉంటుంది. చీలిన రెండు దారుల్లో ఒకదానిని ఇటుక, బంకమట్టితో మూసి ఉంచాలి. నౌకలోని వై కవాటం చేసే పనిని ఇక్కడ ఒక ఇటుక చేస్తుంది.

(ఉ) రెండు గుంతలు: ఒక్కొక్కటి దాదాపు ఒక మీటరు వెడల్పు, ఒక మీటరుకు కొంచెం మించిన లోతు ఉంటుంది. రెంటికీ మధ్య కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. గోడలో సందులు వదిలి ఇటుక కట్టాలి, లేదా రంధ్రాలున్న సిమెంటు ఒరలు దించాలి. అడుగున సిమెంటు వేయకూడదు. నీరు, వాయువు ఆ సందుల గుండా మట్టిలోకి పోతాయి, గట్టి పదార్థం లోపల మిగులుతుంది. వాయువును మట్టే పీల్చుకుంటుంది కనుక ఈ గుంతలకు పైకి గాలి గొట్టం అక్కర లేదు.

ఒక సమయంలో ఒక గుంతనే వాడతారు. అది నిండగానే ఇటుకను మార్చి రెండో గుంతను వాడుకలోకి తెస్తారు. మొదటి గుంత మూసి ఉన్న కాలంలో సూక్ష్మజీవులు మలాన్ని నల్లటి పొడి మట్టిగా మారుస్తాయి. రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు క్రమంగా నశిస్తాయి. ఈ పనిని మనం చేయలేము, తొందరపెట్టలేము. దానికి కావలసిన సమయం ఇవ్వడమే మన వంతు.

7.4 నీటి లెక్క, గుంత లెక్క

నీటి లెక్క: ఈ బేసిన్‌కు ఒకసారికి 2 లీటర్ల నీరు చాలు. ఫ్లష్ తొట్టి ఉన్న పట్నం మరుగుదొడ్డికి 10 లీటర్లు పడుతుందనుకుందాం. ఐదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు ఒకసారి మలవిసర్జనకు వాడతారు.

2 లీటర్ల పద్ధతి: 5 × 2 × 365 = 3,650 లీటర్లు
10 లీటర్ల పద్ధతి: 5 × 10 × 365 = 18,250 లీటర్లు
తేడా: 14,600 లీటర్లు

బిందెకు 15 లీటర్లు పడితే ఈ తేడా దాదాపు 970 బిందెలు. వీధి కొళాయి దగ్గర వరుసలో నిలబడే ఆడవారికి ఈ అంకె బరువు ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు. మాది కూడా పట్నం ఇల్లులా ఉండాలని ఫ్లష్ తొట్టి బిగించే ముందు ఈ లెక్క చూసుకోండి. ఎక్కువ నీరు పోస్తే గుంత కూడా ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

గుంత లెక్క: గుంతలో మిగిలే గట్టి పదార్థం మనిషికి ఏడాదికి సుమారు 45 లీటర్లని లెక్కలో తీసుకుంటారు. ఒక మీటరు వెడల్పు, వాడుకకు పనికివచ్చే లోతు ఒక మీటరు ఉన్న గుండ్రటి గుంతలో దాదాపు 785 లీటర్లు పడుతుంది.

ఐదుగురికి ఏడాదికి: 5 × 45 = 225 లీటర్లు
గుంత నిండే కాలం: 785 ÷ 225 = సుమారు మూడున్నర ఏళ్లు

మొదటి గుంతను మూసి రెండోది వాడితే, రెండోది నిండేలోపు మొదటిదానికి మూడేళ్లకు పైగా విరామం దొరుకుతుంది. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం కనీసం ఒక ఏడాది విరామం కావాలి. నులిపురుగుల గుడ్లు ఎక్కువ కాలం బతుకుతాయి కనుక రెండేళ్లు ఆగడం మరింత క్షేమం. సమయానికి గుంత మార్చిన ఇంట్లో ఈ విరామం దానంతటదే దొరుకుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
మీ ఇంట్లో ఉన్నవారి సంఖ్యను బట్టి 785 లీటర్ల గుంత ఎన్నేళ్లకు నిండుతుందో లెక్క కట్టండి. మీ గుంతను ఏ సంవత్సరంలో వాడుకలోకి తెచ్చారో ఇంట్లో అడిగి రాయండి.

7.5 రోజువారీ నిర్వహణ

ప్రతిరోజూ:
• వాడే ముందు బేసిన్ మీద కొద్దిగా నీళ్లు చల్లండి. పొడి బేసిన్‌కు మలం అంటుకుంటుంది, తరువాత నీరు రెట్టింపు పడుతుంది.
• వాడిన తరువాత 2 లీటర్లు ఒక్కసారిగా, వేగంగా పోయండి. కొంచెం కొంచెంగా పోసిన నీటికి తోసే బలం ఉండదు.

వారానికి రెండు మూడు సార్లు:
• పొడవాటి బ్రష్షుతో, కొద్ది సబ్బు పొడితో రుద్దండి.

లోపల వేయకూడనివి: గుడ్డలు, నెలసరి ప్యాడ్లు, ప్లాస్టిక్ సంచులు, వెంట్రుకలు, బీడీ ముక్కలు, మిగిలిన అన్నం, పొయ్యి బూడిద. స్నానం నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, వాన నీళ్లు గుంతలోకి మళ్లించకూడదు. సబ్బు జిడ్డు మట్టి సందులను మూస్తుంది, మూడేళ్లకు నిండవలసిన గుంత ఏడాదికే నిండినట్టు కనిపిస్తుంది. ఆ నీటిని పెరటి చెట్లకు వదలండి.

తెల్లటి, పసుపుపచ్చ గట్టి పొర: గట్టి నీళ్లున్న మన ఊళ్లలో ఇది అందరికీ తెలిసిన బాధ. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మార్చినప్పుడు నీటికి క్షార గుణం పెరుగుతుంది. అప్పుడు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గట్టిపడి అంటుకుంటాయి. నౌకల్లోనూ ఇదే బాధ. సముద్రపు నీరు లీటరులో దాదాపు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి కనుక గొట్టాలు లోపలినుంచి సన్నబడతాయి. నావికులు వెనిగర్ పోసి ఆ పొరను కరిగిస్తారు. మనకు నిమ్మ ఉప్పు చాలు. మగ్గు గోరువెచ్చని నీటిలో రెండు మూడు చెంచాలు కలిపి రాత్రి పోసి, ఉదయం రుద్దండి. నెలకొకసారి చేస్తే పొర గట్టిపడదు.

బజారులో దొరికే ఘాటు ఆసిడ్ వాడకండి. అది సిమెంటు అతుకులను తినేస్తుంది, ఎక్కువగా పోస్తే గుంతలో పనిచేసే సూక్ష్మజీవులను చంపుతుంది. అన్నిటికంటే ముఖ్యం: ఆసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం తీయగలదు.

వలస వెళ్లే ముందు: ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే చోట 20 మిల్లీమీటర్ల నీటి మూత ఎక్కువ రోజులు నిలవదు. ఇల్లు మూసి వెళ్తే అది ఆరిపోయి, వాసన, బొద్దింకలు ఇల్లంతా పరుచుకుంటాయి. వెళ్లేముందు బేసిన్ కడిగి, నీళ్లు పోసి, మీద ఒక పలకను గాని మందపాటి ప్లాస్టిక్ పట్టాను గాని పరిచి అంచుల మీద బరువు పెట్టండి. వీలైతే ఊళ్లో ఉన్నవారిని వారానికొకసారి మగ్గెడు నీళ్లు పోయమని చెప్పండి. తిరిగి వచ్చాక ముందు తలుపు తీసి గాలి ఆడనిచ్చి, తరువాత నీళ్లు పోసి వాడండి.

7.6 చిక్కు ఎక్కడుందో గుర్తించడం

నీరు దిగడం లేదంటే గుంత నిండిపోయిందని చాలామంది అనుకుంటారు. ముందుగా చాంబరు మూత తీసి చూడండి. సగం చిక్కులకు జవాబు అక్కడే దొరుకుతుంది.

• బేసిన్‌లో నీరు నిలిచి, చాంబరు పొడిగా ఉంటే: అడ్డు బేసిన్‌కు, చాంబరుకు మధ్య ఉంది. చాలాసార్లు ట్రాప్‌లోనే గుడ్డ గాని ప్లాస్టిక్ గాని చిక్కుకుని ఉంటుంది. సన్నగా చీల్చిన వెదురు బద్దతో మెల్లగా కదిలించండి. ఇనుప చువ్వ వాడితే ట్రాప్ పగులుతుంది.

• చాంబరు నిండుగా ఉంటే: అడ్డు చాంబరు తరువాత ఉంది. గుంతకు వెళ్లే గొట్టంలో అడ్డు ఉండవచ్చు, లేదా గుంత నిండి ఉండవచ్చు. మీ గోడ మీద గుంత మార్చిన తేదీ ఉంటే ఈ రెండింటిలో ఏదో వెంటనే తెలుస్తుంది.

• వానల తరువాత మాత్రమే నీరు దిగకపోతే: నేల తడితో నిండి గుంత నీటిని పీల్చుకోవడం లేదు. చెరువు కింది ఊళ్లలో చెరువు నిండిన ఏడాది ఇలా జరుగుతుంది. గుంత చుట్టూ మట్టి ఎత్తు చేసి వాన నీరు దూరంగా పోయేలా చూడండి.

• వాసన వస్తుంటే: నీటి మూత ఆరిపోయిందా, చాంబరు మూత సరిగా కూర్చుందా చూడండి. ఈ రెండూ బాగుంటే ట్రాప్ పగిలిందేమో చూడాలి.

• చాంబరులో రెండు దారులూ తెరిచి ఉంటే: ఇది అన్నిటిలోకీ పెద్ద తప్పు. పైకి ఏ ఇబ్బందీ కనబడదు, వాసన రాదు, నీరు చక్కగా దిగుతుంది. ఏళ్ల తరువాతే బయటపడుతుంది.

7.7 ఒక ఇంటి అనుభవం

పై చివరి తప్పును నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. పదవీ విరమణ తరువాత శింగనమల దగ్గరి మా బంధువుల ఊరికి తరచు వెళ్తుంటాను. కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో మా చిన్నమ్మ ఇంట్లో మరుగుదొడ్డి పొంగింది. కట్టి ఏడో ఏడు. రెండు గుంతలున్నాయి కదా, రెండోదానికి మార్చండి అన్నాను. బండలు జరిపి చూస్తే రెండూ నిండి ఉన్నాయి. చాంబరు తెరిస్తే ఇటుకే లేదు. కట్టిన బేల్దారి పెట్టలేదు. ఇంట్లో వారికి అక్కడొక ఇటుక ఉండాలని ఎవరూ చెప్పలేదు. అన్నేళ్లుగా ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్న నేను, ఈ విషయాలు పాఠంగా చెప్పినవాణ్ణి, ఒక్కసారి కూడా ఆ మూత తీసి చూడలేదు.

సెప్టిక్ ట్యాంకు బండిని పిలిపించాం. సందు ఇరుకు కావడంతో బండి వీధి మొదట్లోనే ఆగింది, దాని గొట్టం పెరటి దాకా అందలేదు. బండితో వచ్చిన కుర్రవాడికి పాతికేళ్లు ఉంటాయి. లుంగీ పైకి కట్టి, "ఐదడుగులే కదా సార్, దిగితే అర్ధగంట పని. బకెట్లతో తోడేస్తా" అన్నాడు. నేను చట్టం సంగతి చెప్పబోయేలోగా మా చిన్నమ్మ అడ్డం వచ్చింది. "వద్దు నాయనా, దిగొద్దు. రేపు పొడుగు పైపు తెచ్చుకోండి. అంతవరకు మేం ఎట్లో సర్దుకుంటాం" అంది.

మరునాడు రెండు గొట్టాలు కలిపి పని పూర్తి చేశారు. బండిలో నింపినదాన్ని ఎక్కడ వదులుతారని ఆ రోజు మాలో ఎవరమూ అడగలేదు. ఆ ప్రశ్న నాకు ఇంటికి చేరాక తట్టింది. పచ్చి మలం మా పెరట్లోనుంచి పోయి మరొకరి చేను గట్టుకో, వంకకో చేరి ఉంటుంది. ఒక ఇటుక, పిడికెడు బంకమట్టి సమయానికి పెట్టి ఉంటే ఆ బండి అవసరమే ఉండేది కాదు.

7.8 గుంత మార్చడం, ఎరువు తీయడం

మార్చే పద్ధతి:
1. నీరు మెల్లగా దిగడం మొదలుపెట్టి, చాంబరులో నిలుస్తుంటే గుంత నిండిందని భావించండి. పొంగేదాకా ఆగవద్దు.
2. రెండో గుంత ఖాళీగా ఉందో లేదో ముందుగా చూసుకోండి.
3. చేతి తొడుగులు వేసుకుని చాంబరు మూత తీసి, బకెట్ నీళ్లతో కడగండి.
4. మూసి ఉన్న దారిలోని ఇటుకను తీసి, ఇంతవరకు వాడిన గుంత దారిలో పెట్టండి. చుట్టూ బంకమట్టితో మెత్తండి. సిమెంటు వాడితే మళ్లీ తీయడం కష్టం.
5. మూత పెట్టి అంచులు మెత్తండి.
6. మరుగుదొడ్డి గోడ మీద రంగుతో రాయండి: "ఎడమ గుంత మూసిన తేదీ" అని, దాని పక్కన నెల, సంవత్సరం.

ఆరో పనిని చిన్నదిగా చూడకండి. మూడేళ్ల తరువాత ఏ గుంత ఎప్పుడు మూశామో ఎవరికీ గుర్తుండదు. ఇంటి పెద్ద ఉండకపోవచ్చు, కోడలు కొత్తగా వచ్చి ఉండవచ్చు. గోడ మాత్రం చెబుతుంది.

ఎరువు తీసే పద్ధతి: కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు దాటిన గుంతనే తెరవండి. వేసవిలో తీయడం మేలు. మూత జరిపి ఒక పూట గాలికి వదలండి. లోపలిది పొడిగా, నల్లటి మట్టిలా, వాసన లేకుండా ఉండాలి. తడిగా ఉన్నా, వాసన వచ్చినా మళ్లీ మూసేయండి, ఇంకా కాలం కావాలని అర్థం. గుంత లోతు తక్కువే కనుక పొడవు కర్ర బిగించిన పారతో బయట నిలబడే తీయవచ్చు. లోపలికి దిగకూడదు.

ఈ ఎరువును చీనీ చెట్ల పాదుల్లో వేసి పైన మట్టి కప్పవచ్చు. వేరుశనగ చేనుకు వేయవద్దు, కాయ మట్టిలోనే ఊరుతుంది. పచ్చిగా తినే కూరగాయలకు, ఆకుకూరలకు, దుంపలకు కూడా వాడవద్దు.

దీనిని చేతితో ముట్టుకోవడమా అని మీకు అనిపించవచ్చు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శిగా ఉన్న పరమేశ్వరన్ అయ్యర్, పలు రాష్ట్రాల అధికారులతో కలిసి వరంగల్లు ప్రాంతంలోని గంగదేవిపల్లిలో ఇలాంటి గుంతను స్వయంగా ఖాళీ చేశారు. విరామం పూర్తయిన గుంతలో ఉండేది ఎరువేనని చూపడమే వారి ఉద్దేశం.

7.9 రాతి నేల, తాగునీటి బావి

మెత్తటి మట్టి నేలలో రోగక్రిములు ఎక్కువ దూరం పోలేవు, మట్టి వాటిని వడకడుతుంది. అనంతపురం జిల్లాలో నేల వేరు. కొద్ది అడుగుల కిందే గట్టి రాయి, దానిలో పగుళ్లు ఉంటాయి. ఆ పగుళ్లలోకి మురుగు చేరితే వడపోత లేకుండా నేరుగా బావికో, బోరుకో పోగలదు. అందుకే మన ప్రాంతంలో ఈ జాగ్రత్తలు కావాలి:

• తాగునీటి బావికి, బోరుకు కనీసం 15 మీటర్ల దూరం ఉంచండి. పగుళ్లున్న రాయి అయితే ఇంకా ఎక్కువ దూరం కావాలి.
• నేల వాలులో బావికి ఎగువన గుంత తవ్వకండి.
• రాయి తగిలితే పేల్చి లోతు పెంచకండి. లోతు తగ్గించి వెడల్పు పెంచండి.
• అనుమానం ఉన్న చోట గుంత చుట్టూ అర మీటరు మందాన ఇసుక నింపి, అడుగును బంకమట్టితో కప్పండి. నీరు పక్కలనుంచి ఇసుకలో వడకట్టుకుని పోతుంది.

"పెద్ద గుంత ఒక్కటి లోతుగా తవ్విస్తే జన్మంతా చూడక్కరలేదు" అనే మాట మన ఊళ్లలో తరచు వింటాం. ఆ గుంతకు ఒక్క రోజు కూడా విరామం దొరకదు. ఎన్నేళ్లకు తెరిచినా పైన పచ్చి మలమే ఉంటుంది. లోతు ఎక్కువ కనుక రాతి పగుళ్లకు మరింత దగ్గరవుతుంది. నిండిన రోజున తోడే పని మన పిల్లల మీద పడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
మీ గుంతకు, అతి దగ్గరలోని తాగునీటి బావి లేదా బోరుకు మధ్య దూరాన్ని అడుగులతో కొలవండి. చాంబరు మూత తీసి, ఏ దారి మూసి ఉందో చూసి రాయండి.

7.10 చట్టం, ఇంటివారి బాధ్యత

మూసిన గుంతలో, సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు పేరుకుంటాయి, ప్రాణవాయువు తగ్గుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన లేదు కదా అని దిగిన మనిషి కొద్ది క్షణాల్లో పడిపోవచ్చు. అతన్ని కాపాడాలని వెంటనే దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా చనిపోయిన ఘటనలు దేశంలో పదేపదే జరుగుతున్నాయి. ఎవరైనా పడిపోతే వెనుకే దిగవద్దు. 101కు, 108కు ఫోను చేయండి. తాడు కట్టి ఉంటే పైనుంచే లాగండి.

పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. దానిని మరింత పటిష్ఠం చేస్తూ 2013లో మరో చట్టం వచ్చి, ఆ ఏడాది డిసెంబరు 6 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాకీపనిని నిర్వచిస్తూ ఈ చట్టం, పూర్తిగా కుళ్లి మారకముందే మలాన్ని చేతితో ఎత్తడం గురించి చెబుతుంది. విరామం దొరికిన గుంతకు, దొరకని గుంతకు మధ్య ఉన్న గీతను చట్టం కూడా గుర్తించిందని గమనించండి.

ఈ పోరాటంలో ముందున్న సఫాయి కర్మచారి ఆందోళన్ 1990లలో మొదలైంది. దానికి నాయకత్వం వహించిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల పట్టణంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయన కుటుంబమే ఆ పని చేసింది. విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. వారు వేసిన వ్యాజ్యంలో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, 1993 తరువాత మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఈ పని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పడింది. గుంత మార్చడం మరిచిన ప్రతి ఇల్లు, తెలియకుండానే మళ్లీ వారినే పిలుస్తుంది. అందువల్ల చాంబరులోని ఇటుక విషయాన్ని ఇల్లు కట్టినవారి పనిగా వదిలేయకుండా, మన పనిగా చూడాలి.

7.11 సారాంశం

మురుగు కాలువ లేని చోట మలం మన దగ్గరే ఉంటుంది. నౌకలోనైనా, రైలులోనైనా, ఇంట్లోనైనా అది ఎటు పోతుందో తెలుసుకోవడమే నిర్వహణకు మూలం. రెండు గుంతల పద్ధతిలో ఒకసారికి 2 లీటర్ల నీరు చాలు. ఐదుగురి ఇంట్లో ఒక గుంత సుమారు మూడున్నర ఏళ్లకు నిండుతుంది. ఒక సమయంలో ఒక గుంతనే వాడాలి, నిండినదానికి కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు విరామం ఇవ్వాలి. గట్టి నీటి పొరకు నిమ్మ ఉప్పు వాడాలి, ఆసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలపకూడదు. రాతి నేలలో గుంత లోతు తగ్గించి, బావికి దూరంగా ఉంచాలి. మనిషిని గుంతలోకి దించకూడదు. మార్చిన తేదీని గోడ మీద రాయాలి.

7.12 ముఖ్య పదాలు

నీటి మూత: ట్రాప్‌లో నిలిచి ఉండి, గుంత వాసనను ఆపే నీరు.
చాంబరు: గొట్టం రెండు గుంతలకు చీలే చోట ఉండే మూత గల పెట్టె.
విరామ కాలం: నిండిన గుంతను మూసి ఉంచే కాలం.
గట్టి నీరు: కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీరు.

7.13 నమూనా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రెండు గుంతల మరుగుదొడ్డి భాగాలను, పనితీరును వివరించండి.
2. అనంతపురం వంటి రాతి నేల, నీటి ఎద్దడి ప్రాంతంలో మరుగుదొడ్డి నిర్వహణలో తీసుకోవలసిన ప్రత్యేక జాగ్రత్తలను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రెండు గుంతలనూ ఒకేసారి వాడితే కలిగే నష్టాలేమిటి?
2. బేసిన్‌లో నీరు దిగనప్పుడు చాంబరు మూత తీసి చూడడం వల్ల ఏమి తెలుస్తుంది?
3. 2013 చట్టంలోని ముఖ్యాంశాలను రాయండి.

III. చేసి చూడండి.
మీ వీధిలో ఐదు ఇళ్లకు వెళ్లి, ఇంటివారి అనుమతితో చాంబరు మూత తీయించి చూడండి. ఎన్ని ఇళ్లలో ఒక దారి సరిగా మూసి ఉంది? గుంత వాడుకలోకి వచ్చిన తేదీ ఎన్ని ఇళ్లవారికి తెలుసు? మూసి లేని చోట ఒక ఇటుక, పిడికెడు బంకమట్టి తెప్పించి వారిచేతనే మూయించి, గోడ మీద తేదీ రాయించండి. మీరు చూసిన విషయాలను ఒక పుటలో రాసి మీ అధ్యయన కేంద్రంలో సమర్పించండి.